అమెరికాలో జింక వేటకి మొదటి రైఫిల్: కాగితాల నుంచి తూటా దాకా, రైఫిల్ మాత్రం ఆఖర్న

దసరా దాటిందంటే చాలు, హైదరాబాద్‌లో కూర్చున్న నాకు డల్లాస్ నుంచి, ఆస్టిన్ నుంచి, ఎడిసన్ నుంచి ఒకటే రకం వాట్సాప్ మెసేజ్‌లు. "అన్నా, ఆఫీసులో వాళ్ళు డీర్ హంటింగ్‌కి రమ్మంటున్నారు, ఏ గన్ కొనాలె?" కింద ఒక లింక్ కూడా ఉంటది, ఓపెన్ చేస్తే .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అనే భారీ రైఫిల్, దాని మీద 6-24 పవర్ స్కోప్ (6 నుంచి 24 రెట్లు దగ్గరగా చూపించే దుర్భిణి), బిల్లు రెండు వేల డాలర్ల పైన. నేను టెక్సాస్‌లో చాలా ఏళ్ళు ఉండి వెనక్కి వచ్చినోణ్ణి కాబట్టి మా చుట్టాల్లో, దోస్తుల్లో ఈ డ్యూటీ నా మీద పడింది, ప్రతిసారీ వాయిస్ మెసేజ్‌లు పెట్టే ఓపిక లేక మొత్తం ఒకేచోట రాస్తున్నా.

నేను చెప్పేది ఒక్కటే, మనోళ్ళు దీన్ని తలకిందులుగా చేస్తున్నారు. ముందు రైఫిల్ చూసి మనసు పడతారు, తర్వాత దానికి తూటాలు వెతుకుతారు, ఆ తర్వాత భుజం నొప్పి, చట్టం అన్నీ ఒక్కొక్కటిగా ఎదురొస్తాయి. అసలు వరుస ఇది: కాగితాలు, కాల్చబోయే జాగా, మీ భుజం, కార్ట్రిడ్జ్ (కేస్, మందు, తూటా కలిపిన మొత్తం రౌండ్), దాని ముందుండే తూటా, ఆ తర్వాతే రైఫిల్. పై అయిదు తేలితే ఆరోది దాదాపు దానంతట అదే తేలిపోతది.

అన్నిటికంటే ముందు, ఇక్కడ కాదు

కొంతమంది నిజంగానే అడుగుతారు, "మా తాత దగ్గర లైసెన్స్ గన్ ఉంది, ఆదిలాబాద్ సైడ్ వెళ్తే?" అని. వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినాక మన దేశంలో సరదా కోసం జింకని వేటాడటం నేరం, ఆర్మ్స్ లైసెన్స్ అనేది ఆయుధం దగ్గర పెట్టుకోవడానికే గానీ జంతువుని చంపడానికి పర్మిషన్ కాదు. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌ది. 1998లో జోధ్‌పూర్ దగ్గర జరిగిన కృష్ణజింకల కేసులో సల్మాన్ ఖాన్‌కి 2018లో అయిదేళ్ళ శిక్ష పడింది, ఇరవై ఏళ్ళు కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది. జింకని చూడాలనిపిస్తే వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి ఉంది, కెమెరాతో వెళ్ళండి.

తమాషా ఏంటంటే ఈ రెండు జింకలూ టెక్సాస్‌లో కూడా ఉన్నాయి. 1930లలో రాంచ్‌ల వాళ్ళు ఇండియా జాతి జింకల్ని తెచ్చి వదిలితే అవి హిల్ కంట్రీలో (మధ్య టెక్సాస్ కొండ ప్రాంతం) బాగా పెరిగిపోయాయి. అక్కడ చుక్కల జింకని యాక్సిస్ డీర్ అంటారు, బయటి నుంచి వచ్చిన జాతి కాబట్టి దానికి సీజన్ లేదు, హంటింగ్ లైసెన్స్, భూమి ఓనర్ అనుమతి ఉంటే ఏడాది పొడుగునా వేటాడొచ్చు. మొదటిసారి దాన్ని అక్కడ స్కోప్‌లో చూసినప్పుడు మన మనసుకి కొంచెం ఎట్లనో అనిపిస్తది, ఆ ఫీలింగ్ మీ ఇష్టం, నేను జడ్జ్ చేయను.

స్టెప్ 1: కాగితాలు, ముఖ్యంగా వీసా

ఇది తప్పితే మిగతా అంతా దండగ, అందుకే నిదానంగా చదవండి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నోళ్ళు అమెరికాలో తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొనడం ఒక్కటే కాదు, చేతిలో పట్టుకోవడం కూడా. ఫ్రెండ్ రైఫిల్‌తో రేంజ్‌లో రెండు రౌండ్లు కాల్చి ఇన్‌స్టాలో పెట్టడం కూడా ఇందులోకే వస్తది, మనోళ్ళలో చాలామందికి ఈ సంగతే తెలీదు. దీనికి చట్టంలోనే మినహాయింపులు కొన్ని ఉన్నాయి, మన లాంటోళ్ళకి పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ మీ పేరు మీద ఉండాలి. గ్రీన్ కార్డ్ ఉన్నోళ్ళకి ఈ గొడవ లేదు.

గడువు తీరని అన్న మాట గట్టిగా పట్టుకోండి. టెక్సాస్‌లో హంటింగ్ లైసెన్స్ ఏడాది ఆగస్టు 31తో అయిపోతది. వీసా మీద ఉన్నోడు కొత్తది తీస్కోకపోతే సెప్టెంబర్ 1 పొద్దున లేచేసరికి క్లోజెట్‌లో ఉన్న అదే రైఫిల్ నేరం అయి కూర్చుంటది. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, ఆగస్టు మధ్యలోకి.

షాపులో 4473 అనే ఫెడరల్ ఫారం నింపాలి, అందులో పౌరసత్వం, ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి ఎంట్రీ రికార్డు) నంబర్, ఏ మినహాయింపు కింద కొంటున్నారు అన్నీ అడుగుతారు, తర్వాత బ్యాక్‌గ్రౌండ్ చెక్. గంజాయి వాడతారా అనే ప్రశ్న కూడా ఉంటది, మీ రాష్ట్రంలో అది లీగల్ అయినా ఫెడరల్ లెక్కలో కాదు, అబద్ధం రాస్తే ఇంకో కేసు. "నీ పేరు మీద ఎందుకులే, సిటిజన్ నేను, నేను కొని నీకిస్తా" అని ఎవరైనా దోస్తానాలో అంటే దండం పెట్టి వద్దనండి, అది ఆయనకీ నేరమే మీకూ నేరమే. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉన్నోళ్ళు లాయర్‌కి ఒక మెయిల్ కొట్టి రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవడం మంచిది, నేనైతే అదే చేయమంటా.

టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినోళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి, 17 దాటినోళ్ళకి ఆన్‌లైన్‌లోనే అయిపోతది. రాష్ట్రంలో ఆరు నెలల పైన వరుసగా ఉంటే రెసిడెంట్ రేటు, లేకపోతే నాన్ రెసిడెంట్ రేటు, రెండిటికీ మధ్య తేడా చాలా పెద్దది.

స్టెప్ 2: ఎక్కడ, ఎంత దూరంలో

రాష్ట్రం మారితే రూల్ మారిపోతది, ఇంటర్నెట్‌లో ఎవడో చెప్పింది మీ రాష్ట్రానికి పనికిరాకపోవచ్చు. ఎడిసన్ బ్యాచ్ ముందు ఇది వినండి: న్యూజెర్సీలో జింక వేటకి మామూలు సెంటర్‌ఫైర్ రైఫిల్ (రౌండ్ అడుగున మధ్యలో ప్రైమర్ ఉండేది) అసలు చెల్లదు, షాట్‌గన్, మజిల్‌లోడర్ (మందు, తూటా గొట్టం ముందు నుంచి దట్టించేది), బాణం, అంతే. ఒహాయోలో సీసా మెడలా సన్నబడే కేస్ ఉన్న కార్ట్రిడ్జ్‌లు కుదరవు, నిటారుగా ఉండే కేస్ కావాలి, అందుకే అక్కడ .350 లెజెండ్, .450 బుష్‌మాస్టర్ లాంటివి నడుస్తాయి. పెన్సిల్వేనియాలో జింకకి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ (ఒకటి కాల్చగానే తర్వాతి రౌండ్ దానంతట అదే ఎక్కేది) నిషేధం. కొలరాడోలో కనీసం .24 క్యాలిబర్ (తూటా మందం, అంగుళంలో), తూటా కనీసం 70 గ్రెయిన్లు (తూటా బరువు కొలత), 100 గజాల దగ్గర 1000 ఫుట్-పౌండ్ల (శక్తి కొలత) శక్తి ఉండాలి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం తూటాలు పూర్తిగా బంద్. టెక్సాస్ చాలా ఫ్రీ, కానీ అక్కడ కూడా వైట్‌టెయిల్ జింకని (అక్కడి మామూలు జింక) .22 లాంటి రిమ్‌ఫైర్‌తో (కేస్ అంచు మీద కొడితే పేలే చిన్న రౌండ్) కాల్చకూడదు.

రూల్ తేలినాక దూరం. అక్కడ అంతా యార్డులే, యార్డ్ అంటే మన గజమే, ప్లాట్లు కొనే ఊరోళ్ళం కాబట్టి గజం మనకి కొత్త కాదు, క్రికెట్ పిచ్ పొడుగు 22 గజాలు, అంటే 100 గజాలకి నాలుగున్నర పిచ్‌లు వరసగా పెట్టినట్టు. తూర్పు టెక్సాస్ పైన్ అడవిలో, పెన్సిల్వేనియా కొండల్లో జింక కనపడేదే 50 నుంచి 100 గజాల్లో. హిల్ కంట్రీలో ఫీడర్ (జింకలకి మేత వేసే డబ్బా) పక్కన బ్లైండ్‌లో (దాక్కుని కూర్చునే గుడిసె) కూర్చుంటే మామూలుగా 80, 120, మహా అయితే 150. పడమటి టెక్సాస్‌లోనో కొలరాడోలోనో బయలు ప్రాంతం అయితేనే 200, 300 మాట వస్తది. పిలిచినాయన్ని నేరుగా అడగండి, "అంకుల్, మీ స్టాండ్ నుంచి ఎక్కువలో ఎక్కువ ఎంత దూరం కొట్టాల్సి వస్తది?" అని. ఆయన చెప్పే అంకె మీద మీ ఖర్చు సగం ఆధారపడి ఉంటది.

స్టెప్ 3: మీ భుజం

దీన్ని ఎవరూ ఒప్పుకోరు, మగతనం అడ్డమొస్తది. పెద్ద కార్ట్రిడ్జ్ వెనక్కి తంతది, నాలుగు రౌండ్లు తిన్నాక ఐదోసారి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్ళు మూసుకుంటయి, భుజం ముందుకి తోసేస్తది, దీన్నే ఫ్లించ్ అంటారు, ఒకసారి అలవాటైతే పోవడం చాలా కష్టం. ఫ్లించ్ ఉన్నోడు .300 మాగ్నమ్‌తో జింకని గాయపరిచి వదిలేస్తాడు, లేనోడు .243తో ఒక్క తూటాకి పడగొడతాడు.

సుమారు ఏడున్నర పౌండ్ల రైఫిల్‌లో ఒక్కో కార్ట్రిడ్జ్ తన్ను లెక్క ఇట్లుంటది: .243 విన్‌చెస్టర్ 10 ఫుట్-పౌండ్ల దగ్గర, 6.5 క్రీడ్‌మూర్, 7 ఎంఎం-08 పన్నెండు అటూ ఇటూ, .308, .270 పదహారు పదిహేడు, .30-06 ఇరవై, .300 విన్ మాగ్ పాతిక పైనే. కొత్తోళ్ళు 15 లోపు ఉంటే హాయి, 20 దాటితే వద్దు. రైఫిల్ తేలికైన కొద్దీ తన్ను ఎక్కువ, కాబట్టి "పట్టుకుంటే ఎంత లైట్‌గా ఉందో" అని అయిదున్నర పౌండ్ల మౌంటెన్ రైఫిల్ కొన్నోడు ఆ లైట్‌నెస్‌కి భుజంతో డబ్బు కడతాడు. చెవులకి ప్రొటెక్షన్ లేకుండా ఒక్క రౌండ్ కూడా కాల్చొద్దు, రైఫిల్ శబ్దం 150 డెసిబెల్స్ దాటుతది, పోయిన వినికిడి మళ్ళీ రాదు.

స్టెప్ 4: కార్ట్రిడ్జ్

కార్ట్రిడ్జ్ అంటే మొత్తం సెట్: ఇత్తడి కేస్, అడుగున ప్రైమర్, లోపల మందు, ముందు తూటా. పేర్లు గందరగోళంగా ఉంటాయి ఎందుకంటే ఒక్కోటీ ఒక్కో కాలంలో ఒక్కో లెక్కన పెట్టారు. .308లో అంకె తూటా మందం, అంగుళంలో. .30-06లో 06 అంటే 1906వ సంవత్సరం. .30-30లో రెండో ముప్ఫై మొదట్లో పోసిన మందు బరువు. తూటా బరువు గ్రెయిన్లలో చెప్తారు, పాత తులం అంటే సరిగ్గా 180 గ్రెయిన్లు, కాబట్టి 150 గ్రెయిన్ల తూటా అంటే తులానికి కొంచెం తక్కువ అనుకోండి.

మీ ముందుకొచ్చేవి ఇవే, నా అభిప్రాయంతో సహా చెప్తా.

.243 విన్‌చెస్టర్, 1955 నాటిది. 100 గ్రెయిన్ల తూటా సెకనుకి 2960 అడుగుల వేగం. తన్ను తక్కువ, ఆడవాళ్ళకి, సన్నటి వాళ్ళకి, కాలేజీ పిల్లలకి మంచిది. తేలికైన వార్మింట్ తూటాలు వేయకండి, అవి కోయోటీ (నక్క లాంటిది) లాంటి చిన్న జంతువులకి, జింకకి 90 నుంచి 100 గ్రెయిన్లవే. తూటా చిన్నది కాబట్టి సరైన చోట పడాలి, అడ్డదిడ్డం యాంగిల్‌లో కొడతానంటే దీనితో కుదరదు.

6.5 క్రీడ్‌మూర్, 2007లో హార్నడీ వాళ్ళు తెచ్చారు. 140 గ్రెయిన్ల దగ్గర తూటా, 2700 అడుగుల వేగం. తూటా సన్నగా పొడుగ్గా ఉంటది కాబట్టి గాలిని బాగా చీల్చుకుని పోతది, తన్ను మాత్రం మెత్తగా ఉంటది. పాత రాంచ్ తాతలు దీన్ని సాఫ్ట్‌వేర్ వాళ్ళ తూటా అని ఎగతాళి చేస్తారు, చేయనీయండి, మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళమే కదా. మొదటి రైఫిల్‌కి, దూరం తెలీదు, భుజం తెలీదు అనేవాడికి నేను చెప్పేది ఇదే.

7 ఎంఎం-08 రెమింగ్టన్, నాకు టెక్నికల్‌గా అన్నిటికంటే నచ్చేది, 140 గ్రెయిన్లు 2800 అడుగుల దగ్గర, తన్ను తక్కువ, పని ఎక్కువ. కానీ చిన్న ఊళ్ళలో షెల్ఫ్ మీద దొరకదు. శుక్రవారం రాత్రి మూడు గంటలు డ్రైవ్ చేసి వెళ్ళాక తూటాల డబ్బా ఇంట్లోనే మర్చిపోయామని గుర్తొస్తే ఆ ఊరి హార్డ్‌వేర్ షాపులో .308, .30-06, .270, .30-30 ఉంటాయి, ఇప్పుడు 6.5 కూడా ఉంటది, 7 ఎంఎం-08 మాత్రం అదృష్టం.

.308 విన్‌చెస్టర్, 1952. 150 గ్రెయిన్లు, 2820 అడుగులు, 2600 ఫుట్-పౌండ్ల పైన శక్తి. ఎక్కడైనా దొరుకుతది, చవక ప్రాక్టీస్ తూటాలు కూడా ఉంటాయి, ఆరడుగుల మనిషి, భుజం గట్టిది అంటే కళ్ళు మూసుకుని ఇది. .270 విన్‌చెస్టర్ 1925 నుంచి ఉంది, 130 గ్రెయిన్లు 3060 అడుగుల వేగం, బయలు ప్రాంతంలో దీని దారి చాలా నేరుగా ఉంటది, అక్కడ 300 గజాల దాకా పెద్దగా తల గోక్కోనక్కర్లేదు. .30-06 మంచిదే, ఎల్క్ (చాలా పెద్ద జాతి జింక) కూడా కొడతా అనుకుంటే ఆలోచించండి, జింకకి అవసరం లేదు. .300 విన్ మాగ్ గురించి పైన చెప్పేశా.

.30-30, 1895 నాటిది, లీవర్ యాక్షన్ రైఫిల్‌లో, కౌబాయ్ సినిమాల్లో కింద లీవర్ లాగుతారే అది. దట్టమైన అడవిలో 100 గజాల లోపు ఇప్పటికీ ఫస్ట్ క్లాస్, 200 గజాల దగ్గరకొచ్చేసరికి శక్తి 1000 లోపుకి పడిపోతది, తూటా కూడా సుమారు 8 అంగుళాలు కిందికి జారుతది. ఒక జాగ్రత్త: దీని మ్యాగజైన్ గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి, వెనక దాని మొన ముందు దాని ప్రైమర్‌కి ఆనుకుంటది, అందుకే గట్టి మొనదేలిన తూటాలు వేయకూడదు, మొద్దు మొనవి, లేదా హార్నడీ లీవర్‌ఎవల్యూషన్ లాంటి మెత్తటి మొనవి మాత్రమే.

ఇంకో ప్రాణాంతకమైన సంగతి. బ్యారెల్ మీద చెక్కిన పేరు, డబ్బా మీద పేరు, ఇత్తడి కేస్ అడుగున ముద్ర, మూడూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. .300 బ్లాకౌట్ రౌండ్ .223 రైఫిల్‌లో దూరిపోతది, పేలిస్తే రైఫిల్ చేతుల్లోనే పగులుతది. రేంజ్ టేబుల్ మీద ఒక్కసారికి ఒక్క డబ్బా మాత్రమే పెట్టండి.

స్టెప్ 5: తూటా ఎలాంటిది

కార్ట్రిడ్జ్ గురించి గంటలు వాదించుకునే వాళ్ళు దీన్ని అయిదు నిమిషాల్లో తేల్చేస్తారు, నిజానికి జింక లోపల పని చేసేది ఇదే. మిలిటరీ టైపు ఫుల్ మెటల్ జాకెట్ వద్దు, అది లోపల విచ్చుకోకుండా సూదిలా దూసుకుపోతది, జంతువు గంటల తరబడి బాధపడి ఎక్కడో చస్తది, చాలా రాష్ట్రాల్లో నిషేధం కూడా. కావాల్సింది తగిలాక పుట్టగొడుగులా విచ్చుకునే సాఫ్ట్ పాయింట్. రెమింగ్టన్ కోర్-లాక్ట్ 1939 నుంచి జింకల్ని పడేస్తోంది, ఇప్పటికీ చవకే, 150 గజాల లోపు దీనికంటే ఖరీదైనది అవసరం లేదు. విన్‌చెస్టర్ పవర్ పాయింట్, హార్నడీ ఇంటర్‌లాక్ కూడా అదే కోవ. నాస్లర్ పార్టిషన్ లాంటివి గట్టి ఎముక తగిలినా చెదరవు, .243 లాంటి చిన్నదానికి అలాంటి గట్టి తూటా పెడితే ధీమా.

పూర్తి రాగి తూటాలు ఉంటాయి, బార్న్స్ టీఎస్ఎక్స్ లాంటివి. సీసం తూటా చిన్న చిన్న ముక్కలై మాంసంలోకి చాలా దూరం వెళ్ళిపోతది, కంటికి కనపడదు. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు తింటారంటే రాగికే పొండి, రేటు కొంచెం ఎక్కువైనా సరే. బిర్యానీ కోసం ముందు భుజం మాంసం పాడు కాకుండా ఉండాలన్నా తూటా భుజం ఎముకల్లోకి కాకుండా దాని వెనక, ఊపిరితిత్తుల్లోకి పోవాలి.

స్టెప్ 6: ఇప్పుడు రైఫిల్

చూశారా, ఇక్కడికొచ్చేసరికి పెద్దగా మిగల్లేదు. బోల్ట్ యాక్షన్ (ప్రతి రౌండ్‌కీ చేత్తో బోల్ట్ లాగి నెట్టేది) తీస్కోండి, సింపుల్, భద్రం, ఏ రాష్ట్రంలో రైఫిల్‌కి పర్మిషన్ ఉన్నా ఇది చెల్లుతది. రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్, మాస్‌బర్గ్ పేట్రియట్ లాంటివి సుమారు 400 నుంచి 600 డాలర్లలో వస్తాయి, జింకకి చాలినంత నేరుగా కొడతాయి. వెయ్యి దాకా పెట్టగలిగితే టిక్కా టీ3ఎక్స్, ఆ బోల్ట్ లాగితే వచ్చే నునుపు వేరే లెవెల్, కానీ ఆ నునుపు జింకకి తెలీదు.

బ్రాండ్ కంటే ఎక్కువగా చూడాల్సింది మీ ఒంటికి సరిపోతుందా అని. మామూలు రైఫిల్‌లో ట్రిగ్గర్ నుంచి బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) చివర దాకా పదమూడున్నర, పదమూడుముప్పావు అంగుళాలు ఉంటది, అది అక్కడి సగటు మనిషి చేతులకి. అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి అది పొడుగైపోతది, తల వెనక్కి పోతది, స్కోప్‌లో నల్లటి చందమామ తప్ప ఏం కనపడదు. అలాంటోళ్ళు కాంపాక్ట్ లేదా యూత్ మోడల్ తీస్కోండి, పేరు చూసి నామోషీ పడకండి. షాపులో కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికెత్తండి, తర్వాత కళ్ళు తెరవండి, మెడ సర్దుకోకుండానే స్కోప్‌లో నిండుగా కనపడితే అది మీదే.

ఎడమచేతి వాళ్ళకి ఎడమ బోల్ట్ ఉంటది. ఏ కన్ను పెత్తనం చేస్తుందో కూడా చూస్కోండి: రెండు చేతులు చాపి మధ్యలో చిన్న సందు చేసి దూరంగా ఉన్న గోడ గడియారాన్ని రెండు కళ్ళతో చూడండి, ఒక్కో కన్ను మూయండి, ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులోనే ఉంటదో అదే మీ కన్ను. కుడిచేతి వాటం, ఎడమకన్ను పెత్తనం ఉన్నోళ్ళు కొనే ముందే కోచ్‌తో మాట్లాడాలి. బ్యారెల్ 20 నుంచి 22 అంగుళాలు చాలు, ఇరుకు బ్లైండ్‌లో 24 గోడలకి తగులుతది. ట్రిగ్గర్ మూడు పౌండ్ల దగ్గర, గరగర లేకుండా తెగాలి.

స్టెప్ 7: స్కోప్, జీరో

3-9x40 (3 నుంచి 9 రెట్లు, ముందు గ్లాస్ 40 మిల్లీమీటర్లు), అంతే, ఇంకేం చూడకండి. లూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్ గానీ వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ గానీ. జింక తెల్లవారుజామున, సందెవేళ తిరుగుతది, కాబట్టి పవర్ కంటే మసక వెలుతుర్లో గ్లాస్ ఎంత క్లియర్‌గా ఉందో అదే ముఖ్యం, 24 పవర్‌లో 80 గజాల జింకని చూస్తే వెంట్రుకలు తప్ప జింక కనపడదు. కంటికీ స్కోప్‌కీ మధ్య మూడున్నర అంగుళాల ఖాళీ ఉండాలి, దగ్గరగా పెడితే తన్నుకి వెనక్కొచ్చి కనుబొమ్మ మీద సగం చంద్రాకారంలో కోస్తది.

జీరో చేయడం అంటే తూటా పడే చోటూ స్కోప్ చూపించే చోటూ కలపడం. రైఫిల్ ఖాళీ అని చూసుకుని, బోల్ట్ బయటికి తీసేసి, రైఫిల్‌ని ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టండి. వెనక నుంచి బ్యారెల్ గొట్టం లోపలికి చూస్తే 25 గజాల్లో ఉన్న టార్గెట్ చుక్క గుండ్రటి వెలుతురు మధ్యలో కనపడేట్టు సర్దండి. ఇప్పుడు రైఫిల్ కదలకుండా స్కోప్ టరెట్లు (గురి సర్దే బిళ్ళలు) తిప్పి క్రాస్ గీతలు అదే చుక్క మీదకి తెండి. అయిపోయింది, ఇక ఒక్క రౌండ్ కాల్చండి, కాగితం మీద పడి తీరుతది. స్కోప్ మీద ఒక క్లిక్ అంటే 100 గజాల దగ్గర పావు అంగుళం, 25 గజాల దగ్గర అందులో నాలుగో వంతే, అంటే ఇక్కడ ఒక్క అంగుళం జరపాలంటే 16 క్లిక్కులు. చాలామంది నాలుగు క్లిక్కులు తిప్పి, ఏం కదల్లేదని స్కోప్‌ని తిడతారు.

తర్వాత 100 గజాలకి వెళ్ళి మూడు రౌండ్లు, బ్యారెల్ చల్లారనిచ్చి మళ్ళీ మూడు. ఒక్క రౌండ్ చూసి టరెట్ తిప్పకండి, మూడింటి మధ్య చూడండి. మనకి కావాల్సింది 100 దగ్గర చుక్కకి రెండు అంగుళాలు పైన. ఉదాహరణకి మీ గుంపు మూడు అంగుళాలు కింద, రెండు అంగుళాలు ఎడమకి పడిందనుకోండి, పైకి అయిదు అంగుళాలు అంటే 20 క్లిక్కులు, కుడికి రెండు అంటే 8. ఇట్ల పెడితే .308, 6.5 లాంటివి 200 గజాల దగ్గర సరిగ్గా చుక్క మీదకొస్తాయి, 300 దగ్గర సుమారు 8 అంగుళాలు కిందికి పోతాయి. జింక గుండె, ఊపిరితిత్తుల భాగం దాదాపు ఎనిమిది అంగుళాల వెడల్పు, అంటే 200 లోపు ఎక్కడున్నా నేరుగా గురి పెట్టేయొచ్చు, లెక్కలు అక్కర్లేదు. మొదటి సీజన్‌లో 200 దాటి కొట్టకండి.

స్టెప్ 8: ప్రాక్టీస్, హైదరాబాద్‌లోనే మొదలుపెట్టొచ్చు

ఇంకా ఫ్లైట్ ఎక్కని వాళ్ళకి ఇది. మన ఊరు షూటింగ్‌కి చిన్న ఊరేం కాదు, 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం కొట్టిన గగన్ నారంగ్ పెరిగింది ఇక్కడే, గచ్చిబౌలి వైపు ప్రభుత్వ షూటింగ్ రేంజ్ ఉంది, సిటీలో అకాడమీలు కూడా ఉన్నాయి. వెళ్ళి రెండు నెలలు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకోండి. శ్వాస సగం వదిలి ఆపడం, ట్రిగ్గర్‌ని గుంజకుండా వేలి కొసతో నిదానంగా వెనక్కి నొక్కడం, పేలినాక కూడా కన్ను గురి మీదే ఉంచడం, ఇవన్నీ తన్ను లేని రైఫిల్‌తోనే బాగా వస్తాయి. అక్కడికి వెళ్ళి నేరుగా .308 పట్టుకున్నోడికి ఇవేవీ రావు, ముందు భయం వస్తది.

అక్కడ బెంచి మీద జీరో అయ్యాక బెంచి మర్చిపోండి, అడవిలో బెంచి ఉండదు. మోకాలి మీద, కూర్చుని, షూటింగ్ స్టిక్స్ మీద కాల్చండి, ఎనిమిది అంగుళాల పేపర్ ప్లేట్ పెట్టి ఎంత దూరం దాకా పదికి పది దాని మీద పడతాయో అదే మీ లిమిట్, రైఫిల్ లిమిట్ కాదు. బ్యారెల్ ఎప్పుడూ మనుషుల వైపు వద్దు, కాల్చే దాకా వేలు ట్రిగ్గర్ బయటే, జింక వెనక ఏముందో తెలీకపోతే కాల్చొద్దు. పబ్లిక్ ల్యాండ్‌లో ఆరెంజ్ చొక్కా, టోపీ వేసుకోండి, చాలా రాష్ట్రాల్లో తప్పనిసరి. ఇంట్లో రైఫిల్ తాళం వేసిన సేఫ్‌లో, తూటాలు వేరే తాళంలో, పిల్లలున్న ఇంట్లో దీనికి మినహాయింపు లేదు.

ఆఖరి స్టెప్: ఇండియాకి వచ్చే ముందు

వేటకి వాడిన బ్యాక్‌ప్యాక్, జాకెట్, కార్గో ప్యాంటు ఇండియా ట్రిప్‌కి తేకండి. తప్పదంటే జేబులన్నీ తిరగేసి దులపండి, లోపలి చిన్న జిప్పులు, బ్యాగు లైనింగ్ చిరిగిన చోటు కూడా వేలు పెట్టి చూడండి. జ్ఞాపకార్థం దాచుకున్న ఖాళీ కేస్ కూడా వద్దు, దానికి కూడా ప్రశ్నలు తప్పవు. లైసెన్స్ లేకుండా ఒక్క లైవ్ రౌండ్ శంషాబాద్ స్కానింగ్‌లో దొరికితే "మర్చిపోయా సార్" అంటే వదలరు, ఆర్మ్స్ యాక్ట్ కింద కేసు రాస్తారు, రిటర్న్ టికెట్ డేట్ దగ్గర పెట్టుకుని కోర్టు చుట్టూ తిరగాలి. అమ్మావాళ్ళకి తెచ్చే చాక్లెట్లు సర్దే సూట్‌కేసూ డీర్ క్యాంప్‌కి తీస్కెళ్ళే బ్యాగూ ఎప్పుడూ వేర్వేరుగా పెట్టుకోండి.